అసలు రాసిందెవరు? ఒక తగాదా నేర్పే ఇంగ్లీషు

మన పిల్లలకు ఇంగ్లీషు రావాలని కోరుకోని తల్లిదండ్రులు లేరు. ఉర్దూ మీడియంలోనో, తెలుగు మీడియంలోనో పదో తరగతి దాటిన పిల్లలు కాలేజీలో తడబడేది తెలివి లేక కాదు, మాటలు చాలక. అందుకే మన దాతలు ఎందరో డిక్షనరీలు, పదాల జాబితాలున్న గైడ్లు కొనిపెడుతున్నారు. అల్లాహ్ వారికి మంచి ప్రతిఫలం ప్రసాదించుగాక. అయితే రోజుకు పది మాటలు బట్టీ పట్టిన పిల్లవాడు వారం తిరిగేసరికి చాలావరకు మరిచిపోతాడని ఇంట్లో పిల్లలున్న అందరికీ తెలుసు. మాట గుర్తుండాలంటే దానితో ఏదైనా పని పడాలి. అలా పని పెట్టే దారి ఒకటుంది. అది ఒక పాత సాహిత్య తగాదా గురించి చదవడం.

ఏమిటా తగాదా?

విలియం షేక్‌స్పియర్ 1564లో ఇంగ్లండ్‌లోని స్ట్రాట్‌ఫర్డ్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి చేతి తొడుగులు కుట్టి అమ్మేవాడు. షేక్‌స్పియర్ యూనివర్సిటీ మెట్లు ఎక్కలేదు. లండన్ వెళ్లి నటుడయ్యాడు, నాటకాలు రాశాడు, 1616లో చనిపోయాడు. రెండు వందల ఏళ్లు దాటాక కొందరికి అనుమానం వచ్చింది. తొడుగులు కుట్టేవాడి కొడుక్కి రాజుల సంగతులు, చట్టం, ఇటలీ నగరాలు ఎలా తెలుస్తాయి? ఎవరో గొప్పింటివాడు రాసి ఇతని పేరు పెట్టి ఉంటాడు! 1857లో డీలియా బేకన్ అనే అమెరికన్ మహిళ, ఫ్రాన్సిస్ బేకన్ వంటి పెద్దలు కొందరు కలిసి ఈ నాటకాలు రాశారని పుస్తకం వేసింది. 1920లో ఇంగ్లండ్‌కు చెందిన ఒక స్కూలు మాస్టారు, అసలు రచయిత ఆక్స్‌ఫర్డ్ ప్రభువు ఎడ్వర్డ్ డి వీర్ అన్నాడు.

పండితుల్లో దాదాపు అందరూ ఈ వాదాలను ఒప్పుకోరు. డి వీర్ 1604లోనే చనిపోయాడు. ‘టెంపెస్ట్’ వంటి నాటకాలు ఆ తరువాతివని వారి లెక్క. షేక్‌స్పియర్ తన వీలునామాలో ఉంగరాలు కొనుక్కోమని ముగ్గురు తోటి నటులకు డబ్బు రాసిచ్చాడు. వారిలో ఇద్దరు, హెమింజెస్, కాండెల్, 1623లో అతని 36 నాటకాలను ఒకే సంపుటంగా అచ్చు వేయించారు. స్ట్రాట్‌ఫర్డ్ మనిషిని, ఆ నాటకాలను కలిపే గట్టి ముడి ఇది.

ఇందులో దొరికే మాటలు

పిల్లలు చదవాల్సింది షేక్‌స్పియర్ నాటకాలు కాదు. అవి నాలుగు వందల ఏళ్లనాటి ఇంగ్లీషు. ఇంగ్లండ్ పిల్లలకే టీకాలు కావాలి. చదవాల్సింది ఈ తగాదా గురించి నేటి ఇంగ్లీషులో వచ్చే వ్యాసాలు. ఒకే విషయం మీద వరసగా చదివితే అవే మాటలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. భాషా శాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్ ఇలాంటి చదువునే ‘నేరో రీడింగ్’ అంటాడు.

‘క్లెయిమ్’ అంటే ఇది ఇంతే అని వాదించడం. ‘ఎవిడెన్స్’ అంటే సాక్ష్యం. ‘ప్రూఫ్’ అంటే తిరుగులేని రుజువు. ఈ మూడింటికీ తేడా జాబితాలో తెలియదు, తగాదాలో తెలుస్తుంది. ‘అలెజ్డ్’ అంటే ఆరోపణే తప్ప రుజువు కానిది. పత్రికలోనో, నోటీసులోనో ఈ ఒక్క మాట తెలియకపోతే ఆరోపణనే నేరంగా చదువుకుంటాం. ‘ఆథర్’ తెలిస్తే ‘ఆథర్‌షిప్’, ‘ఆథరైజ్’, ‘అథారిటీ’ అదే కుటుంబంలోంచి వస్తాయి. 2016లో ఆక్స్‌ఫర్డ్ వారి సంపుటం ‘ఆరో హెన్రీ’ నాటకాలకు క్రిస్టఫర్ మార్లోను ‘కో-ఆథర్’గా చూపింది. తోడల్లుణ్ణి కో-బ్రదర్ అనే మనకు ఆ ‘కో’ వేరే చెప్పాలా?

‘విల్’ మరీ తమాషా మాట. భవిష్యత్తును చెప్పేది అదే, విలియం ముద్దుపేరు అదే, మనం వసియ్యత్ అనే పత్రమూ అదే. ఇంగ్లీషు ‘విల్’కు పారసీ ‘నామా’ చేరితేనే మన తెలుగు ‘వీలునామా’ అయింది. ఇంత కథ తెలిశాక పిల్లవాడు ఆ మాటను మరవడు.

ఎలా చదివించాలి?

రోజుకు ఒక పేజీ చాలు. మొదటిసారి డిక్షనరీ ముట్టకుండా కథ కోసం చదవాలి. రెండోసారి తెలియని మాటల్లో అయిదింటి కింద గీత గీసి, ఆ వాక్యంతో సహా నోటుబుక్కులో రాసుకోవాలి. మూడోసారి పిల్లలు రెండు పక్షాలై, ఆ అయిదు మాటలూ వాడుతూ వాదించుకోవాలి. మర్నాడు, వారానికి, నెలకు ఒకసారి ఆ పేజీ తిరగేయాలి.

మదర్సాలో చదివిన పిల్లలకు ఇది ఇంకా తేలిక. ఒక మాట దైవప్రవక్త (స) వారిదని చెప్పినప్పుడు, ఎవరు విన్నారు, ఎవరికి చెప్పారు, ఆ మనిషి నమ్మదగినవాడా అని ముహద్దిసులు సనదును పరీక్షించారు. హదీసు స్థాయి వేరు, నాటకాల స్థాయి వేరు. రెండింటికీ పోలిక లేదు. కానీ “ఈ మాట ఎవరిది, దానికి ఆధారమేమిటి?” అనే ప్రశ్న మన పిల్లలకు పరిచయమైనదే. రావీ అంటే తెలిసినవాడికి ‘నరేటర్’ తెలియడం ఎంతసేపు?

మన పిల్లలకు ఎందుకు?

ఈ తగాదా అడుగున ఉన్నది ఒక చిన్నచూపు. తొడుగులు కుట్టేవాడి కొడుకు ఇంత రాయగలడా అన్నదే దాని మూలం. టైలరు కొడుకు, మెకానిక్ కూతురు మంచి ఇంగ్లీషు రాస్తే “ఇది నువ్వే రాశావా?” అని అడిగేవాళ్లు ఇవాళా ఉన్నారు. ఆ ప్రశ్నకు తలవంచుకోకుండా, ఆధారంతో, అదే ఇంగ్లీషులో జవాబు చెప్పగలగాలి. ఈ చదువు ఇచ్చేది ఆ ధైర్యం.

దాతలకు మా మనవి ఒక్కటే. పెద్ద పుస్తకాలు బీరువాలో పెట్టడం కంటే, తేలిక ఇంగ్లీషు వ్యాసాల ప్రతులు, నోటుబుక్కులు, వారానికి రెండు సాయంత్రాలు పక్కన కూర్చునే ఒక టీచరుకు గౌరవ వేతనం ఎక్కువ మేలు చేస్తాయి. డబ్బు ఇవ్వలేనివారు ఒక గంట ఇవ్వండి. పిల్లలతో వాదనకు దిగండి, ఓడిపోండి. పనికొచ్చే విద్య మనిషి వెళ్లిపోయాక కూడా సాగే సదఖా. అల్లాహ్ మనందరి చేత ఆ పుణ్యం చేయించుగాక. ఆమీన్.