గౌరీపట్నం క్వారీలో డైనోసార్ల కాలం

కొవ్వూరు నుంచి దేవరపల్లి వైపు వెళ్తుంటే డెల్టా పచ్చదనం ఒకచోట చటుక్కున ఆగిపోతుంది. చెట్ల ఆకుల మీద దుమ్ము, రోడ్డు మీద కంకర టిప్పర్లు, దూరంగా క్రషర్ల హోరు. నిర్మలగిరి మేరీమాత కొండకు వచ్చే భక్తులందరికీ తెలిసిన ఊరే, గౌరీపట్నం. ఈ ఊరి క్వారీలూ పక్కనున్న పంగిడి, దుద్దుకూరు గోతులూ డైనోసార్లు అంతరించిన కాలానికి సాక్ష్యాలని మాత్రం మనలో చాలామందికి తెలియదు.

ఇక్కడ చూడాల్సింది ఎముకలు కాదు, గోడ. తవ్విన గోతి అంచున నిలబడి ఎదుటి గోడను చూస్తే అడుగున నల్లరాయి, పైన నల్లరాయి, మధ్యలో లేత రంగు పొర కనిపిస్తాయి. ఆ నల్లరాయి గడ్డకట్టిన లావా. శాస్త్రవేత్తలు దీన్ని రాజమండ్రి ట్రాప్స్ అంటారు. దక్కన్‌ను ముంచెత్తిన అగ్నిపర్వతాల లావాయే పాత నదీలోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి, పడమటి కనుమల నుంచి ఇక్కడి దాకా వచ్చిందని 2008లో ఒక పరిశోధక బృందం వాదించింది. అదే నిజమైతే భూమ్మీద మనకు తెలిసిన లావా ప్రవాహాల్లో ఇవే అతి పొడవైనవి.

నాకు మాత్రం లావా కన్నా ఆ మధ్య పొర మీదే మనసు. అది సున్నపురాయి, బంకమట్టి కలిసిన పొర. అందులో ఆలిచిప్పలు, నత్తగుల్లలు రాయిగా మారి ఉన్నాయి. అంటే లావా ఒకసారి వచ్చి చల్లారాక సముద్రం దాని మీదికి వచ్చింది, జీవులు బతికాయి, మళ్లీ లావా వచ్చి కప్పేసింది. అప్పటికి ఈ డెల్టా లేదు. తీరం ఇక్కడే, రాజమండ్రి దగ్గరే ఉండేది. గోదావరికి అవతలి ఒడ్డున, రాజమండ్రిని ఆనుకుని ఉన్న కాతేరులోనూ ఇదే పొర బయటపడింది. ఇక్కడి గుల్లలను స్టీఫెన్ హిస్లప్ అనే మిషనరీ 1860లోనే వర్ణించాడు. కాతేరు రాళ్లలో దొరికిన కారా జాతి నాచు శిలాజాల మీద కె. శ్రీపాదరావు, ఎస్.ఆర్. నారాయణరావు 1939లో గ్రంథమే ప్రచురించారు. కారా ఎక్కువగా మంచినీటి మొక్క. సముద్రపు గుల్లలూ మంచినీటి నాచూ ఒక్కచోట దొరికాయంటే, ఆనాడూ ఇక్కడ ఏదో ఒక ఏరు సముద్రంలో కలిసేదన్నమాట.

ఈ పొర ప్రపంచం దృష్టికి వచ్చింది 2008లో. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్, మన దేశపు సునీల్ బాజ్‌పాయ్ తదితరులు ఈ క్వారీల మట్టిని సూక్ష్మదర్శిని కింద పరీక్షించారు. ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలు కనిపించాయి. మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండని ఆ జాతులు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట డైనోసార్లను తుడిచిపెట్టిన మహావినాశనం తర్వాత, మొట్టమొదట తలెత్తినవి. కాబట్టి అడుగునున్న లావా ఆ వినాశనానికి కాస్త ముందుగానో, ఆ సమయంలోనో పారింది. రాజోలు ప్రాంతంలో, కొబ్బరితోటల కింద చాలా లోతున కూడా ఇదే లావా ఉంది. ఓఎన్‌జీసీ బావుల నుంచి తీసిన రాతి నమూనాలను పరిశీలించిన కెల్లర్ బృందం, వినాశనానికీ ఈ లావాకూ సంబంధం ఉందని 2011లో ప్రకటించింది. మెక్సికో తీరాన పడిన గ్రహశకలమే అసలు కారణమనేవాళ్లు ఇప్పటికీ ఎక్కువ. గ్రహశకలం దెబ్బ బలమైనదే అయినా, ఏళ్ల తరబడి విషవాయువులు కక్కిన అగ్నిపర్వతాలను పక్కన పెట్టడం సరికాదని నాకనిపిస్తుంది. ఈ వాదం తేలాలంటే చూడాల్సిన రాళ్లలో మన రాళ్లూ ఉన్నాయి.

ఎముకలు కావాలంటే గోదావరి వెంట ఎగువకు పోవాలి. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. యాదగిరి అనే శాస్త్రవేత్త 1988లో దానికి పేరు పెట్టారు. అది గౌరీపట్నం లావా కన్నా పది కోట్ల ఏళ్లకు పైగా పాతది. ఒకే నదీ పరీవాహకంలో, ఎగువన డైనోసార్ల తొలినాళ్లూ దిగువన చివరినాళ్లూ దొరకడం అరుదైన భాగ్యం.

ఆ దిగువ భాగమే ఇప్పుడు కంకరగా పోతోంది. క్వారీలు ఆపమని నేననను. వాటి మీద బతికే కుటుంబాలున్నాయి, మన ఇళ్ల స్లాబులకు ఆ చిప్స్ కావాలి. పైగా తవ్వారు కాబట్టే ఆ పొర బయటపడింది. కానీ తిరుమల శిలాతోరణానికీ మంగంపేట ముగ్గురాయికీ జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలుగా గుర్తింపు వచ్చింది. ఇక్కడి రాళ్లనూ అలాగే కాపాడుకోవాలి. పని ముగిసిన గోతుల్లో ఒక్కటి ఎంచి, మూడు పొరలూ కనబడే గోడను వదిలేసి, చుట్టూ కంచె వేసి, తెలుగులో బోర్డు పెట్టాలి. గనుల శాఖా, జిల్లా కలెక్టరూ తలచుకుంటే అయ్యే పనే. కొవ్వూరు, దేవరపల్లి బడుల పిల్లలు బస్సెక్కి మధ్యాహ్నానికల్లా చూసి తిరిగి రావచ్చు.