కాలేజీ ఫీజుకి ఫాఫ్సా: తల్లిదండ్రులకీ, పిల్లలకీ

కిందటి సంవత్సరం ఒక ఆదివారం క్లాసులు అయిపోయాక ఒక తల్లిగారు నన్ను పక్కకి పిలిచి నెమ్మదిగా అడిగారు. "మా వాడు రేడియోగ్రఫీ చదువుతానంటున్నాడండీ, జర్నల్ స్క్వేర్ దగ్గర కమ్యూనిటీ కాలేజీలో. ఫీజుకి గవర్నమెంటు సాయం ఏదో ఉంటుందట కదా?" ఆ ప్రశ్న కన్నా, అడిగిన గొంతే నాకు బాగా గుర్తుండిపోయింది. ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు అడిగారావిడ.

మన ఊళ్ళలో పాలిటెక్నిక్, ఐ.టి.ఐ. అంటే ఇంజనీరింగు సీటు రానివాళ్ళ దారి అన్న అభిప్రాయం ఉండేది. దాన్ని సూట్‌కేసులో పెట్టుకుని ఇక్కడిదాకా తెచ్చుకున్నాం. హడ్సన్ కౌంటీ కమ్యూనిటీ కాలేజీ 1974లో మొదలైంది. మనం దోసెలు తినడానికి వెళ్ళే న్యూవార్క్ అవెన్యూ నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరం. అక్కడ నర్సింగ్, రేడియోగ్రఫీ, మెడికల్ అసిస్టింగ్, వంట విద్య నేర్పుతారు. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసే మనిషి ఏం చదివాడో మనం ఎప్పుడైనా అడిగామా?

ఇక అసలు సంగతి. ప్రభుత్వ సాయానికి నింపవలసిన దరఖాస్తు పేరు ఫాఫ్సా. ఆ పేరులో మొదటి అక్షరానికి అర్థమే "ఉచితం". నింపి పెడతాం, ఇంత ఇవ్వండి అని ఎవరైనా అంటే దణ్ణం పెట్టి వచ్చేయండి. దరఖాస్తు స్టూడెంట్ ఎయిడ్ డాట్ గవ్ అనే సైటులో ఉంటుంది, మామూలుగా అక్టోబరు 1 నాటికి తెరుస్తారు. 2024-25 ఫారాన్ని కొత్తగా మార్చినప్పుడు అది 2023 డిసెంబరు చివరిదాకా రానేలేదు. వచ్చాక కూడా సోషల్ సెక్యూరిటీ నంబరు లేని తల్లిదండ్రులు చాలా అవస్థ పడ్డారు. ఆ కథలు విని భయపడినవాళ్ళు ఇప్పుడు భయపడనక్కరలేదు.

ఆంధ్రాలో ఫీజు రీయింబర్స్‌మెంటు చూసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. అక్కడ ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగి ఆదాయ ధ్రువపత్రం తెచ్చుకునేవాళ్ళం. ఇక్కడ మీ టాక్స్ రిటర్నే ఆదాయ ధ్రువపత్రం. మీరు అనుమతి ఇస్తే ఐ.ఆర్.ఎస్. నుంచి లెక్కలు నేరుగా ఫారంలోకి వస్తాయి. అనుమతి ఇవ్వకపోతే ఫెడరల్ సాయం రాదు. చూసేది రెండేళ్ళ కిందటి ఆదాయం, అంటే 2026-27 చదువుకి 2024 టాక్సులు. పిల్లవాడికి ఒక అకౌంటు, తల్లిదండ్రులకి ఒకటి కావాలి. ఇద్దరూ కలిపి టాక్స్ ఫైల్ చేసేవారైతే ఒక్కరు తెరిస్తే చాలు.

పిల్లలూ, ఇక్కడ మీ పని ఉంది. ఫారంలో మీ పేరు సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయాలి. మన పేర్ల సంగతి మీకు తెలుసు కదా. ఇంటిపేరు ముందా వెనకా, తాతగారి పేరు మధ్యలోనా, పాస్‌పోర్టులో రెండు ముక్కలు, స్కూల్లో ఒకటే ముక్క. కంప్యూటరుకి ఇవన్నీ వేరు వేరు మనుషులు! పైన చెప్పిన ఆ తల్లిగారి ఫారం ఆగిపోయింది కూడా సరిగ్గా ఇందుకే. కార్డు మీదున్నట్టు సరిదిద్దాక కదిలింది.

ఆస్తుల దగ్గర మనవాళ్ళకి గాభరా ఎక్కువ. మీరుంటున్న ఇల్లు లెక్కలోకి రాదు. 401కే వంటి రిటైర్మెంటు డబ్బూ రాదు. కానీ హైదరాబాదు శివార్లలో మీ పేరున కొన్న ప్లాటు, విజయవాడలో అద్దెకిచ్చిన ఫ్లాటు, అక్కడి బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్లు ఆస్తులే. అప్పు తీసేసి ఈరోజు విలువ రాయాలి. తాతగారి పేరునే ఉన్న పొలం మీది కాదు. ఆదాయం తక్కువగా ఉన్న చాలా కుటుంబాలని అసలు ఈ ప్రశ్నలే అడగరు.

ఎవరికి వస్తుంది అన్నది కష్టమైన ప్రశ్న. పౌరులకి, గ్రీన్ కార్డు ఉన్నవారికి, శరణార్థుల వంటి మరికొందరికి వస్తుంది. హెచ్-4 పిల్లలకి ఫెడరల్ సాయం రాదు. ఒకే ఇంట్లో రెండేళ్ళప్పుడు వచ్చిన అక్కకి లేదు, ఇక్కడ పుట్టిన తమ్ముడికి ఉంది. ఇది ఆ పిల్లకి చెప్పడం ఎంత కష్టమో చెప్పినవాళ్ళకే తెలుసు. అయినా ఫారంలో పౌరురాలినని మాత్రం పొరపాటున కూడా రాయవద్దు. రేపు గ్రీన్ కార్డుకే ముప్పు. న్యూజెర్సీ సాయానికీ, ఫీజు రేటుకీ రాష్ట్రం నిబంధనలు వేరుగా ఉంటాయి, కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో అడగండి. తమ్ముడి విషయంలో తల్లిదండ్రుల వీసా అడ్డు కాదు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేని తల్లి కూడా అకౌంటు తెరవవచ్చు.

వచ్చేది ఎంత? ముఖ్యమైనది పెల్ గ్రాంటు. 1972లో మొదలైన ఈ పథకానికి తర్వాత రోడ్ ఐలండ్ సెనేటర్ క్లెయిబోర్న్ పెల్ పేరు పెట్టారు. 2025-26కి గరిష్ఠం 7,395 డాలర్లు. తిరిగి కట్టనక్కరలేదు. ఇది కాక న్యూజెర్సీలో ట్యూషన్ ఎయిడ్ గ్రాంటు ఉంది. కమ్యూనిటీ కాలేజీ ఆపర్చునిటీ గ్రాంటు అని మరొకటి 2019లో మొదలై 2021లో చట్టమైంది. ఏడాది ఆదాయం 65,000 డాలర్ల లోపున్న కుటుంబాల పిల్లలకి, మిగతా గ్రాంట్లు పోగా మిగిలిన ట్యూషన్ దీని కిందికి వస్తుంది, సెమిస్టరుకి కనీసం 6 క్రెడిట్లు తీసుకుంటే చాలు. ఆపైన లక్ష దాకా కొంత భాగం వస్తుంది. వీటికీ ఫాఫ్సాయే దారి, తర్వాత రాష్ట్రం అడిగే నాలుగు ప్రశ్నలకి జవాబులివ్వాలి.

చేతి పని నేర్పే చిన్న కోర్సులకి ఇన్నాళ్ళూ పెల్ వర్తించేది కాదు. కనీసం 15 వారాలు, 600 గంటలు ఉండాలనేవారు. 2025 జూలై 4న సంతకమైన చట్టం 8 నుంచి 15 వారాల లోపు కోర్సులకి కూడా 2026 జూలై 1 నుంచి తలుపు తెరిచింది. అయితే ఏ కోర్సు పడితే అది కాదు, రాష్ట్ర గవర్నరు ఆమోదం వంటి షరతులున్నాయి. బస్సుల మీద ప్రకటనలు వేసే ప్రైవేటు ట్రేడ్ స్కూళ్ళలో చేరే ముందు, ఆ స్కూలు పేరు ఫాఫ్సాలో వెతికితే వస్తుందో లేదో చూడండి. రాకపోతే అక్కడ పైసా సాయం ఉండదు. పెల్ జీవితం మొత్తానికి సుమారు 12 సెమిస్టర్లే. పనికిరాని కోర్సుకి ఖర్చుపెడితే ఆ మేరకి పోయినట్టే.

కొందరు "సాయం తీసుకుంటే సిటిజన్‌షిప్ రాదట" అంటారు. గ్రీన్ కార్డు నుంచి పౌరసత్వానికి వెళ్ళేటప్పుడు పబ్లిక్ చార్జ్ పరీక్షే లేదు.

కొత్తగా చేరేవారికి న్యూజెర్సీ గడువు సెప్టెంబరు 15, రెండో ఏడాది నుంచి ఏప్రిల్ 15. ప్రతి ఏడాదీ మళ్ళీ నింపాలి. దసరా సెలవు మనకి ఇక్కడ లేదు గానీ, బొమ్మల కొలువు సర్దిన ఆ వారాంతంలోనే టాక్స్ కాగితాలు, పిల్లవాడి సోషల్ సెక్యూరిటీ కార్డు, ఉంటే గ్రీన్ కార్డు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టండి. నింపేది మాత్రం పిల్లల చేతే నింపించండి, పక్కన కూర్చుని.