రేకు పెట్టెలో రౌటర్: వేడికి మేలు, వైఫైకి అడ్డు

రాయికోడ్: పంచాయతీల దాకా ఆప్టికల్ ఫైబర్ వేసే పథకానికి కేంద్ర ప్రభుత్వం 2011లో ఆమోదం తెలిపింది. 2015లో దాని పేరు భారత్‌నెట్‌గా మారింది. అయితే ఊరికి చేరిన ఇంటర్నెట్‌ను గదులకు, కంప్యూటర్లకు పంచవలసింది రౌటరే. అది వేడెక్కి మొరాయిస్తే మీసేవ కేంద్రంలో ధ్రువపత్రం ఆగుతుంది, బడిలో పాఠం ఆగుతుంది.

బజారులో దొరికే ప్లాస్టిక్ రౌటర్లలో చాలావాటికి కొన్నేళ్ల తరువాత సాఫ్ట్‌వేర్ సవరణలు రావు. అందుకే కొందరు ఔత్సాహికులు అరచేతిలో ఇమిడే సింగిల్ బోర్డ్ కంప్యూటర్‌పై ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించి సొంత రౌటర్ తయారు చేసుకుంటున్నారు. 2012లో బ్రిటన్ నుంచి వచ్చిన రాస్ప్‌బెరీ పై ఇలాంటి బోర్డే. దానికి ఒక్కటే నెట్‌వర్క్ పోర్టు ఉండటంతో రెండోది యూఎస్‌బీ అడాప్టర్ ద్వారా అమర్చుకోవాలి.

ఫ్యాను లేకుండానే చల్లదనం

పత్తి నూగు, ఎర్రదుమ్ము ఎగిరే చోట ఫ్యాను పెడితే నెలల్లోనే మట్టి పేరుకుంటుంది. లోహపు పెట్టె ఉపయోగం ఇక్కడే. స్విట్జర్లాండ్‌కు చెందిన పీసీ ఇంజిన్స్ సంస్థ ఏపీయూ బోర్డులలో ప్రాసెసర్ వేడిని అల్యూమినియం పలక ద్వారా పెట్టెకే చేరవేసే పద్ధతిని అనుసరించింది. పెట్టె మొత్తం వేడిని గాలిలోకి వదులుతుంది. ప్రాసెసర్‌కు, లోహానికి మధ్య మెత్తని థర్మల్ ప్యాడ్ ఉండాలి. దానికి రెండు వైపులా ఉండే పలుచని పొరను తీయడం మరచిపోతే శ్రమంతా వృథా.

పెట్టెకు రంధ్రాలు వేయడం బోర్డును అమర్చకముందే పూర్తి కావాలి. ఇనుప రజను ఒక్క రేణువు మిగిలినా షార్ట్ సర్క్యూట్‌కు అవకాశముంది. బోర్డు అడుగున ఉన్న టంకపు మొనలు రేకును తాకకుండా నాలుగు మూలలా స్పేసర్లు బిగించాలి. స్క్రూలను మితిమీరి బిగిస్తే బోర్డు వంగి పగుళ్లు రావచ్చు.

యాంటెన్నా బయటే

రేకు పెట్టె రేడియో తరంగాలను అడ్డుకుంటుంది. బోర్డుపైనే ముద్రించిన యాంటెన్నా ఉన్న కంప్యూటర్‌ను మూతవేసి బిగిస్తే పక్క గదికి కూడా వైఫై సరిగా అందదు. బయటి యాంటెన్నా గల వైఫై కార్డును వాడాలి, లేదా వైఫై పనిని వేరే పరికరానికి అప్పగించి ఈ పెట్టెను తీగల కూడలిగానే ఉంచాలి. రెండో మార్గమే ఎక్కువ నమ్మకమైనది. యాంటెన్నా బిగించకుండా వైఫై కార్డుకు కరెంటు ఇవ్వకూడదు.

విద్యుత్ సరఫరా విషయంలో పొదుపు పనికిరాదు. రాస్ప్‌బెరీ పై 4కు 5 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టర్ అవసరం. పాత ఫోను చార్జర్ పెడితే మధ్యమధ్యలో ఆగిపోతుంటుంది, తప్పు సాఫ్ట్‌వేర్‌దని అనిపిస్తుంది.

మూత వేశాక కనీసం గంటసేపు నడిపి ఉష్ణోగ్రత చూడాలి. రాస్ప్‌బెరీ పై 4 ప్రాసెసర్ 80 డిగ్రీల వద్ద తన వేగాన్ని తానే తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. చలికాలపు పరీక్షను మాత్రం నమ్మరాదు. గది 25 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసర్ 60 చూపితే, మే నెలలో రేకుల గది 42కు చేరినప్పుడు అదే పనికి సుమారు 77 చూపుతుంది. అప్పటికి మిగిలే వెసులుబాటు మూడు డిగ్రీలే.