టికెట్టు చౌక.. షరతులు బరువు
అగ్గువ విమానంలో లాభం ఎంత? ఇరుక్కునేది ఎక్కడ?

కడప: ఒకప్పుడు కువైట్‌ వెళ్లే మనిషిని సాగనంపడానికి జీపు నిండా బంధువులు కడప రైల్వేస్టేషన్‌కు వచ్చేవారు. అక్కడ ముంబయి రైలెక్కితే మరునాడు దిగి, ఆ పైన విమానం. నేడు రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారు ఎక్కువగా చెన్నై, హైదరాబాద్‌ విమానాశ్రయాలకే చేరుతున్నారు. సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగాలు చేసే పిల్లలు పండక్కి విమానంలో రావడం, వృద్ధులు వైద్యం కోసం విమానంలో వెళ్లడం ఇప్పుడు వింతేమీ కాదు. సామాన్యుడికి ఈ మార్గం చూపింది చౌక విమానయాన సంస్థలే. అయితే ఆ చౌక ధర వెనుక ఉన్న షరతులు తెలియక నష్టపోతున్నదీ ఎక్కువగా ఆ సామాన్యుడే.

మన దేశంలో ఈ బాట వేసింది కెప్టెన్‌ గోపీనాథ్‌ స్థాపించిన ఎయిర్‌ దక్కన్‌. 2003 ఆగస్టులో అది ఎగరడం మొదలుపెట్టింది. మరుసటి నెలలోనే హైదరాబాద్‌ - విజయవాడ ప్రారంభ విమానం బేగంపేటలో రన్‌వేపై ఉండగానే ఇంజిన్‌లో మంటలు వచ్చాయి. అందులో నాటి పౌర విమానయాన మంత్రి రాజీవ్‌ ప్రతాప్‌ రూడీ, వెంకయ్యనాయుడు కూడా ఉన్నారు. అందరూ క్షేమంగా బయటపడ్డారు. ‘చౌక విమానం అంటే ఇంతే’ అని అప్పుడు వినిపించిన మాట చాలామంది మనసుల్లో నేటికీ నిలిచే ఉంది. అది సరి కాదు. టికెట్టు ధర రూపాయి అయినా, లక్ష అయినా విమానం నిర్వహణకు, పైలట్ల శిక్షణకు, విశ్రాంతికి పౌర విమానయాన డైరెక్టరేట్‌ జనరల్‌ (డీజీసీఏ) పెట్టిన నిబంధనలు అన్ని సంస్థలకూ ఒకటే. చౌక సంస్థ పొదుపు చేసేది భద్రతలో కాదు, మరోచోట.

ధర ఎలా తగ్గుతుంది?

ఈ పద్ధతికి ఆద్యురాలుగా అమెరికాలోని సౌత్‌వెస్ట్‌ ఎయిర్‌లైన్స్‌ను చెబుతారు. 1971లో టెక్సాస్‌ నగరాల మధ్య అది విమానాలు నడపడం ఆరంభించింది. సూత్రం ఒక్కటే: విమానం నేల మీద ఉంటే ఖర్చు, గాలిలో ఉంటే ఆదాయం. ప్రయాణికులను దింపి, శుభ్రం చేసి, కొత్తవారిని ఎక్కించుకుని అరగంటలో మళ్లీ లేవగలిగితే ఒకే విమానం రోజుకు ఒకటి రెండు ట్రిప్పులు ఎక్కువ తిరుగుతుంది. మన ఆర్టీసీ డిపోలో బస్సును ఖాళీగా ఉంచకుండా తిప్పినట్లే ఇదీ. వీలైనంత వరకు ఒకే రకం విమానాలు వాడితే విడిభాగాలు, మెకానిక్కులు, పైలట్ల శిక్షణ అన్నిటిలో ఖర్చు కలిసివస్తుంది. బిజినెస్‌ తరగతి తీసేసి సీట్లు దగ్గర దగ్గరగా వేస్తే ఎయిర్‌బస్‌ 320 విమానంలో 180 మంది పడతారు. భోజనం, ఎంచుకున్న సీటు, అదనపు సామాను వంటివి టికెట్టులో కలపకుండా విడివిడిగా అమ్ముతారు.

దీని ఫలితం కడప వాసులకు అనుభవమే. 2015 జూన్‌లో ఇక్కడి విమానాశ్రయం ప్రారంభమైంది. కేంద్రం ‘ఉడాన్‌’ పథకం కింద గంట ప్రయాణానికి సగం సీట్లను రూ.2,500కు మించకుండా అమ్మాలని నిర్దేశించింది. సంస్థకు వచ్చే లోటును ప్రభుత్వం భర్తీ చేస్తుంది. 2017 ఏప్రిల్‌ 27న ప్రధాని ఈ పథకాన్ని ప్రారంభించిన రోజున తొలి సర్వీసుల్లో ట్రూజెట్‌ సంస్థ కడప - హైదరాబాద్‌ విమానం ఒకటి. రాత్రంతా బస్సులో కూర్చుంటే తప్ప తెల్లవారని ప్రయాణం దాదాపు గంటలో ముగిసింది. హైదరాబాద్‌ ఆసుపత్రులకు వెళ్లే రోగులకు, ఒక్క పూటలో పని ముగించుకోవాలనుకునే వ్యాపారులకు ఇది చిన్న మేలు కాదు.

ఎగిరినవెన్ని.. నిలిచినవెన్ని

ఇంత చౌకగా నడిపే సంస్థకు మిగిలేది చాలా తక్కువ. ఇంధనం ధర పెరిగినా, డాలరు బలపడినా ఆ మిగులు ఆవిరవుతుంది. ఎయిర్‌ దక్కన్‌ను చేజిక్కించుకున్న కింగ్‌ఫిషర్‌ 2012 అక్టోబరులో నిలిచిపోయింది. విజయవాడ కేంద్రంగా 2013లో మొదలైన ఎయిర్‌ కోస్తా 2017 ఫిబ్రవరి చివర సర్వీసులు ఆపేసింది. కడపను ఆకాశంతో కలిపిన ట్రూజెట్‌ 2022 ఆరంభంలో ఆగిపోగా, ఆ ఏడాది మార్చిలో ఇండిగో ఇక్కడికి వచ్చింది. 2023 మేలో గో ఫస్ట్‌ దివాలా పిటిషన్‌ వేసిన మరునాటి నుంచే విమానాలు ఎగరలేదు. 2025 జనవరిలో ఆ సంస్థను మూసివేసి ఆస్తులు అమ్మాలని జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్‌ ఆదేశించింది.

ఇలాంటప్పుడు ముందుగా టికెట్టు కొన్నవారి డబ్బు ఏమవుతుంది? చట్టం దృష్టిలో వారు కూడా బాకీ రావలసిన వారే. కానీ వరుసలో బ్యాంకులు, సిబ్బంది జీతాల తర్వాత ఎక్కడో వెనుక నిలబడతారు. ఆర్నెల్ల ముందే కొంటే చౌక అన్న మాట నిజమే అయినా, సంస్థ ఆర్థిక స్థితిపై పత్రికల్లో వార్తలు వస్తున్న వేళ అంత ముందుగా కొనడం తెలివైన పని కాదు.

సంస్థ బలంగా ఉన్నంత మాత్రాన ఇబ్బంది రాదనీ లేదు. దేశంలో అతి పెద్ద విమాన సంస్థ ఇండిగోలో 2025 డిసెంబరు మొదటి వారంలో జరిగిందే ఇందుకు సాక్ష్యం. పైలట్లకు వారంలో 36 గంటలకు బదులు 48 గంటల విశ్రాంతి ఇవ్వాలని, రాత్రివేళ ల్యాండింగులు తగ్గించాలని కొత్త నిబంధనలు నవంబరు 1 నుంచి పూర్తిగా అమలయ్యాయి. అందుకు తగినంత మందిని సంస్థ సిద్ధం చేసుకోలేదు. మూడు రోజుల్లో 2,500కు పైగా విమానాలు రద్దయి మూడు లక్షలకు పైగా ప్రయాణికులు చిక్కుకుపోయారు. మిగతా సంస్థల టికెట్ల ధరలు ఒక్కసారిగా ఎగబాకడంతో కేంద్రం 500 కిలోమీటర్ల లోపు దూరానికి రూ.7,500 మొదలు, అంతకు మించిన దూరాలకు రూ.18,000 వరకు గరిష్ఠ పరిమితి విధించవలసి వచ్చింది. ఖాళీ సమయం లేకుండా విమానాలను, మనుషులను తిప్పే పద్ధతిలో ఒక్క ముడి జారితే మొత్తం అల్లిక విడిపోతుంది. మామూలు రోజుల్లోనూ ఉదయం తొలి విమానం గంట ఆలస్యమైతే అదే విమానం సాయంత్రం ఎక్కించుకోవలసిన వారి దాకా ఆ ఆలస్యం పాకుతుంది. అందుకే తప్పనిసరి పని ఉన్నవారికి రోజులో మొదటి విమానమే మేలు.

కిలోల లెక్క

ఎక్కువ మంది మోసపోయామనుకునేది సామాను దగ్గరే. దేశీయ విమానాల్లో సాధారణంగా 15 కిలోలు లగేజీగా, 7 కిలోలు చేతి సంచిగా అనుమతిస్తారు. అంతకు మించితే కిలోకు కొన్ని వందల రూపాయలు విమానాశ్రయంలోనే చెల్లించాలి. పది కిలోలు ఎక్కువైతే ఆ రుసుము టికెట్టు ధరనే దాటిపోవచ్చు. అదే అదనపు బరువును టికెట్టు కొన్నప్పుడో, ప్రయాణానికి ముందే ఆన్‌లైన్‌లోనో తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది. ఊరగాయ జాడీలు, పిండివంటల డబ్బాలతో బయలుదేరే మన వాళ్లు ఇంటి దగ్గరే తూకం వేసుకోవడం మంచిది. ఊరగాయలో నూనె ఉంటుంది కాబట్టి అది చేతి సంచిలో సాగదు, లగేజీలోనే పెట్టాలి.

ఇక్కడే గల్ఫ్‌ ప్రయాణికులకు ఇంకో చిక్కు ఉంది. కువైట్‌ విమానంలో 30 కిలోలు అనుమతించారని దేశీయ విమానంలో కూడా అంతే అనుకుంటారు. కడప నుంచి హైదరాబాద్‌కు ఒక టికెట్టు, హైదరాబాద్‌ నుంచి కువైట్‌కు వేరే సంస్థ టికెట్టు విడివిడిగా కొంటే రెండింటికీ సంబంధం లేదు. మొదటి దానిలో 15 కిలోల లెక్కే వర్తిస్తుంది. హైదరాబాద్‌లో సామాను తామే తీసుకుని మళ్లీ వరుసలో నిలబడి అప్పగించాలి. అంతకన్నా ముఖ్యం, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఏ సంస్థా బాధ్యత వహించదు. యజమాని ఇచ్చిన సెలవు ముగిసే రోజున, అకామా గడువు దగ్గరపడిన వేళ ఇలా జరిగితే పోయేది టికెట్టు డబ్బు మాత్రమే కాదు, ఉద్యోగమే పోవచ్చు. రెండింటికీ కలిపి ఒకే బుకింగ్‌ దొరక్కపోతే ఒక పూట, వీలైతే ఒక రోజు ముందే పెద్ద నగరానికి చేరడం క్షేమం. మిగిలిన ఆ వెయ్యి, రెండు వేల రూపాయలు లాడ్జికి ఖర్చయినా నష్టం లేదు.

ఫోను నంబరు ఎవరిది?

పల్లెల్లో చాలామంది టికెట్టు ట్రావెల్‌ ఏజెంటు దగ్గర కొంటారు. పని త్వరగా జరగాలని బుకింగ్‌లో ఏజెంట్లు తమ సొంత నంబరే వేయడం కద్దు. విమానం రద్దయినా, వేళ మారినా సమాచారం ఏజెంటు ఫోనుకు వెళుతుంది. ప్రయాణికుడికి మాత్రం విమానాశ్రయంలో తెలుస్తుంది. సరైన ఫోను నంబరు, ఈమెయిల్‌ ఇవ్వని వారికి రద్దుపై పరిహారం చెల్లించనవసరం లేదని డీజీసీఏ నిబంధనలే చెబుతున్నాయి. చేయని తప్పుకు ప్రయాణికుడు రెండుసార్లు నష్టపోయేది ఇక్కడే.

పేరు విషయమూ అంతే. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, అసలు పేరు మరో గడిలో ఉంటాయి. టికెట్టు మీద అవి తారుమారైనా, ఇనీషియల్‌తో సరిపెట్టినా కౌంటరు దగ్గర నిలిపేయవచ్చు. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారిని సందర్శక వీసాపై అనుమతించబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది కూడా. సంస్థ సొంత వెబ్‌సైటులో కొన్న టికెట్టుపై 24 గంటల్లోగా గుర్తిస్తే అక్షర దోషాన్ని ఉచితంగా సరిచేయాలి. ఆ తర్వాత ఎవరూ మొగమాటపడరు.

హక్కుగా అడగదగినవి

టికెట్టు చౌకదైనా ప్రయాణికుడి హక్కులు చౌక కావు. ‘తిరిగి చెల్లింపు లేదు’ అని రాసి ఉన్న టికెట్టును రద్దు చేసుకున్నా విమానాశ్రయ రుసుములు, పన్నులు వెనక్కి ఇవ్వాలి. రద్దు చార్జీ పేరిట మూల ధర, ఇంధన చార్జీల మొత్తాన్ని మించి కోయరాదు. ఏజెంటు ద్వారా కొన్నా డబ్బు వాపసు బాధ్యత విమాన సంస్థదే. విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమయ్యే పక్షంలో మరో విమానం కావాలో, పూర్తి డబ్బు కావాలో ప్రయాణికుడే ఎంచుకోవచ్చు. ముందస్తు సమాచారం లేకుండా రద్దు చేస్తే ప్రయాణ కాలాన్ని బట్టి రూ.5,000 నుంచి రూ.10,000 వరకు, లేదా మూల ధర, ఇంధన చార్జీ కలిపిన మొత్తంలో ఏది తక్కువైతే అది పరిహారం. చౌక టికెట్టు కొన్నవారికి ఈ ‘ఏది తక్కువైతే అది’ అన్న మాట వల్ల చేతికందేది స్వల్పమే. తుపాను, పొగమంచు వంటి కారణాలకు అదీ ఉండదు. సీట్లకు మించి టికెట్లు అమ్మి ఎక్కనివ్వకపోతే మాత్రం, గంటలోపు బయలుదేరే మరో విమానం చూపలేనప్పుడు, మూల ధరకు రెండింతలు మొదలుకొని పరిస్థితిని బట్టి రూ.20,000 వరకు రాబట్టవచ్చు.

కౌంటరులో బోర్డింగ్‌ పాసు ఇచ్చినందుకు డబ్బు అడిగితే ఇవ్వనవసరం లేదు. అలా వసూలు చేయరాదని పౌర విమానయాన శాఖ 2022 జూలైలోనే స్పష్టం చేసింది. దేశీయ విమానాలకు సాధారణంగా గంట ముందే కౌంటరు మూస్తారు. బస్సు మాదిరి చేయెత్తితే ఆగేది కాదు గనుక రెండు గంటల ముందే చేరుకోవాలి. విమాన సంస్థ స్పందించకపోతే కేంద్రం నిర్వహించే ‘ఎయిర్‌ సేవ’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అందుకు టికెట్టు ప్రతి, బోర్డింగ్‌ పాసు, లగేజీ ట్యాగు, సంస్థ పంపిన సందేశాలు భద్రపరచుకోవాలి. సామాను దెబ్బతిన్నా, కనిపించకపోయినా విమానాశ్రయం దాటి రాకముందే అక్కడి కౌంటరులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి.