ముల్లు గుచ్చుకున్న చోట



మిర్చి కోతల రోజుల్లో గురజాల వైపు పల్లె నుండి ఒక తల్లి కుంటుకుంటూ మా డ్రెస్సింగ్ గదికి వచ్చింది. పాదానికి పాత చీర పేలిక చుట్టి ఉంది. విప్పి చూస్తే అరికాలి మీద సున్నం తెల్లగా గట్టిపడి ఉంది. నాలుగు రోజుల క్రితం చేలో తుమ్మముల్లు దిగిందట. "ముల్లే గదా సిస్టరమ్మా, సున్నం పెడితే అదే లాగేస్తదనుకున్నా" అన్నది. పిడుగురాళ్ల సున్నం మనకు కొత్తా? ఆకు వక్క వేసుకునే ఇంట్లో డబ్బా చేతికి అందేచోటే ఉంటుంది. కానీ సున్నం కడిగేసరికి కింద చర్మం కాలినట్లు ఊడి వచ్చింది. ముల్లు చేసిన గాయం ఆవగింజంత, సున్నం చేసినది రూపాయి బిళ్లంత.

డ్రెస్సింగ్ చేస్తూ ఆమెకు చెప్పిన సంగతులే ఇక్కడ వ్రాస్తున్నాము.

మన శరీరంలో రెండు రకాల కాపలా ఉన్నది. ఒకటి ఫలానా క్రిమిని గుర్తుంచుకొని దానితోనే పోరాడేది. టీకాలు వేసేది దానికి నేర్పడానికే. రెండవది పుట్టుకతోనే వస్తుంది. వచ్చిన క్రిమి పేరేమిటని అడగదు, రాకూడనిది ఏది వచ్చినా అడ్డుకుంటుంది. అందులో మొదటిది చర్మం. పైన ఎండిన పొర, దాని మీద చెమట, నూనె కలిసిన కొద్దిపాటి పులుపు. ఇవి బాగుంటే చాలా క్రిములు లోపలికి రాలేవు. పగిలిన మడమ అంటే తెరిచిన తలుపే.

ముల్లు దిగితే ఏమవుతుంది? 1882లో మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త ఇటలీలోని మెస్సినాలో దీన్ని కళ్లారా చూశాడు. గాజులా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లల ఒంట్లో చిన్న ముళ్లు గుచ్చి, మర్నాడు మైక్రోస్కోపులో చూస్తే ముల్లు చుట్టూ కదిలే కణాలు మూగి ఉన్నాయి. ఆ పనికే 1908లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మన పాదంలో జరిగేదీ అదే. రక్తనాళాలు వెడల్పవుతాయి, కనుక ఎర్రబడి వేడెక్కుతుంది. నీరు చేరి వాస్తుంది. తెల్లరక్తకణాలు వచ్చి క్రిములను మింగుతాయి. చచ్చిన కణాలు, క్రిములు కలిసినదే చీము. పలనాటి వాళ్లకు యుద్ధం గురించి మేము చెప్పాలా!

సున్నం ఘాటైన క్షారం. క్రిములనే కాదు, మన కాపలా కణాలనూ, బ్రతికున్న చర్మాన్నీ కాల్చేస్తుంది. పేడ, బూడిద, పసుపు ముద్ద కూడా పుండు మీద వద్దు. సబ్బు, ధారగా పోసే మంచినీళ్లు, శుభ్రమైన గుడ్డ చాలు. సున్నం కంట్లో పడితే మాత్రం పలుకులు ఉంటే తీసేసి, కనీసం అరగంట నీళ్లు పోస్తూనే ఉండి, తర్వాత ఆసుపత్రికి రావాలి.

కన్నీళ్లలో క్రిములను చంపే పదార్థం ఉన్నదని 1922లో ఫ్లెమింగ్ ప్రకటించాడు. కడుపులోని ఆమ్లం తిండితో వచ్చే క్రిములను చంపుతుంది. ఊపిరి గొట్టాల్లో సన్నని నూగు ఉంటుంది. దుమ్ము అంటిన కఫాన్ని ఊడ్చి గొంతు వైపు నెడుతుంది. బట్టీల దగ్గర పనిచేసే తమ్ముళ్లకు అది రోజంతా కష్టపడుతున్నదే. పైన చుట్ట కాలిస్తే ఆ నూగు చచ్చుబడుతుంది. పొద్దున్నే వచ్చే దగ్గుకు సిరప్ అడుగుతారు గాని చుట్ట సంగతి చెప్పరు.

జ్వరం కూడా ఈ కాపలాలో భాగమే. మొదటి రోజే యాంటీబయాటిక్ ఇంజక్షన్ కావాలని పట్టుబట్టకండి. అయితే మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వచ్చినా, ఎవరికైనా ఆయాసం, మగత ఉన్నా వెంటనే తీసుకురండి. రెండు రోజులు దాటితే రక్తపరీక్ష చేయించాలి.

ఈ కాపలాకు ధనుర్వాతాన్ని ఆపే శక్తి చాలదు. అందుకే ఆ తల్లికి టీడీ ఇంజక్షన్ వేశాము. షుగరు చూస్తే మూడు వందలు దాటింది, అప్పటిదాకా ఆమెకు తెలియనే తెలియదు. షుగరు ఎక్కువైతే తెల్లరక్తకణాలు మందగిస్తాయి, పాదానికి నొప్పి తెలియదు. నాలుగు రోజులు నడవగలిగింది అందుకే.

పాదం మానడానికి ఆరు వారాలు పట్టింది, వేళ్లు దక్కాయి. చివరి రోజు చెప్పులు వేసుకొని వచ్చి, "ఇంట్లో సున్నం డబ్బా ఏం చేయమంటారు?" అని అడిగింది. ఆకు వక్కలోకి వాడుకోమందామంటే అది నోటి పొరను పాడుచేస్తుంది. "గోడకు పూసుకో తల్లీ" అన్నాము.