యాటను ఒలుచు కత్తి

వేట యను మాటకు తెలుగున రెండర్థములు కలవు: అడవిలో మృగమును వెన్నాడి చంపుట యొకటి, పండుగకు గాని మ్రొక్కునకు గాని కోయు మేకపోతు, పొట్టేలు మరియొకటి. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమలలో జనుల నోట ఈ రెండవ యర్థమే 'యాట' యై నిలిచినది. మొదటి దానికి కాలము చెల్లినది. పాకాల యడవి 1952లోనే అభయారణ్యమయ్యెను, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత కుందేటిని పట్టినను నేరమే. కావున, ఇతర దేశముల వేటకాండ్రు దుప్పిని కూల్చిన చోటనే కడుపు చీల్చి చర్మమొలుచుటకు ఏ కత్తి మేలని తర్కించుకొను విషయము, మన యెడ ఊరి చివర వేపకొమ్మకు తలక్రిందుగా వ్రేలాడు యాట దగ్గర తేలవలసినదే. పని మాత్రము రెండు చోట్లను ఒక్కటే.

మానుకోట (మహబూబాబాదు) తండాలలో సీత్లా పండుగనాడును, మేడారము జాతరలో (2019లో ములుగు జిల్లా యేర్పడు వరకు అది భూపాలపల్లి జిల్లాలోనిదే) గుడారముల ముందరను ఈ పనిని ఎవరైనను చూడవచ్చును. నేను చూచినది జనగామ దగ్గరి యొక పల్లెలో. తరతరాలుగా కటిక వృత్తిలో నున్న వృద్ధుడొకడు గోనెపట్టా పరచి మూడు కత్తులు బయటికి తీసెను: మొద్దుమీద ఎముకలు నరుకు బరువైన దొకటి, మాంసము కోయు పొడవాటి దొకటి, అలుగు బెత్తెడుకు కాస్త మించిన సన్ననిది మరియొకటి. పెద్ద పనికి పెద్ద కత్తి కావలయునని నమ్మియుండిన నేను రెండవదానివైపు చూచితిని. ఆయన మూడవది చేత బట్టెను.

"గంత చిన్నదానితోని అయితదా, తాతా?" అంటిని.

"కత్తి తొవ్వ సూపెడ్తది బిడ్డా, ఒలిచేది పిడికిలి," అని ఆయన వెనుకకాలి మడమ దగ్గర చిన్న గాటు పెట్టి, అందులో నోరానించి గాలి యూదెను. చర్మము మాంసమును వీడి బుడగవలె ఉబ్బినది. ఆపై తొడల లోపలి వైపుగా ఒక కోత, పొట్ట మధ్యగా ఒక కోత. అంతటితో కత్తిని పండ్ల నడుమ కరచిపట్టి, బిగించిన పిడికిలిని తోలుకును కండకును నడుమ దూర్చి త్రోయసాగెను. తడిసిన గోనెను బండమీదినుండి లేవనెత్తినప్పటి చప్పుడు వంటి చప్పుడు. మోకీళ్ళ దగ్గరను, మెడ దగ్గరను, తోలు మొండికేసిన రెండు మూడు తావులందు మాత్రమే కత్తి మరల నోటినుండి చేతికి దిగినది.

కత్తిని ఎన్నుకొను విద్య యంతయు ఆ పావుగంటలో నున్నది. అలుగు పొడవైనచో దాని కొన ఎక్కడ నున్నదో చేతికి తెలియదు. తెలియని కొన కడుపులోని పెద్దపేగునో, పిత్తపు తిత్తినో చీల్చెనా, మాంసము చేదెక్కి చెడును. (దుప్పికి పిత్తాశయమే యుండదు, ఆ ఒక్క విషయమున విదేశపు వేటగాడు మనకంటె అదృష్టవంతుడు.) అందుచేత పొట్ట కోయునప్పుడు రెండు వ్రేళ్ళు చర్మము క్రింద దూర్చి, వాటి నడుమ కత్తిని పదును పైకుండునట్లు నిలిపి, లోపలినుండి వెలుపలికి కోయవలెను. పైనుండి కోసినచో వెండ్రుకలు తెగి మాంసమున కంటుకొనుటయే గాక, వెండ్రుక వంటి పదునుచెరుపు మరియొకటి లేదు. కొన సూదివలె పొడుచుకొని యుండరాదు; కొంచెము క్రిందికి దిగి, అంచు పొట్టవలె గుండ్రముగా వంగి యుండవలెను. ఉత్తర ధ్రువపు ఇన్యుయిట్ స్త్రీలు సీలు చర్మమును ఒలుచు 'ఉలు' అయితే పూర్తిగా అర్ధచంద్రాకారమే.

ఇక లోహము. అంగడిలో మెరయుచుండు తుప్పుపట్టని ఉక్కు కంటికి నచ్చును గాని, కొన్ని రకములు మొద్దువారిన పిమ్మట సాన మీద ఎంత రుద్దినను ఒక పట్టాన లొంగవు. మన కమ్మరులు లారీ కమాను పట్టాను కొలిమిలో కాల్చి సాగగొట్టిన కత్తి నల్లగా, వికారముగా నుండును, తడిగా వదలిన మరునాటికే తుప్పెక్కును. అయినను నూటికి సుమారు 0.6 పాలు కర్బనము గల ఆ ఉక్కు ఇంటి సానరాయి మీద నాలుగు రాపిళ్ళకే పదునెక్కును. ఎర్రగా కాలినదానిని నూనెలో ముంచినచో గట్టిపడును గాని గాజువలె పెళుసుబారును. తిరిగి కొద్దిగా వేడిచేసి గడ్డి రంగు తేలినప్పుడు ఆపినవాడే పనివాడు. పూర్వము నిజామాబాదు వైపు కోనసముద్రమున మూసలలో కరగించిన ఉక్కు విదేశముల కత్తులకు అలుగైన మాట నిజమే, కాని యాటను ఒలుచుటకు అంతటి ఘనత అక్కరలేదు.

పిడి విషయమున బేరమాడరాదు. నెత్తురు, కొవ్వు తగిలిన చేతిలో నునుపైన పిడి చేపవలె జారును. తాత తన కత్తికి తుమ్మకర్ర పిడి వేయించి, దానిమీద నూలుదారము బిగించి చుట్టించెను.

ఇంత జాగ్రత్త మాంసము కొరకే కాదు. తోలు లోపలి వైపున పడిన చిన్న గాటు పచ్చిగా నున్నప్పుడు కనబడదు. ఊనిన పిమ్మట అది చిరుగై తేలును, బేరగాడు ధర తగ్గించును. డప్పుకు మూయు మేకతోలున అట్టి గాటున్నచో, నిప్పుల సెగకు కాచినప్పుడు అచ్చటనే పగులును. పిడికిలి చేయు పనిని కత్తికి అప్పగించువాని తోలులో ఇట్టి గాట్లు పదియైన నుండును.

ఆనాటి తోలును వేపచెట్టు క్రింద పరచి, వెలుతురుకెత్తి చూచితిని. ఒక్క గాటును లేదు. తాత దానిమీద దోసెడు దొడ్డుప్పు చల్లి, కత్తిని వేపాకుతో తుడిచి, "బోటి కడగాలె, నీళ్ళు తెండ్రి" అని ఇంటివారిని కేకవేసెను.