తపసుమాను ఎక్కిన అర్జునుడు

ఎండాకాలం వస్తే చాలు, మదనపల్లె, పుంగనూరు, బి.కొత్తకోట ప్రాంతాల వారికి భారతం జ్ఞాపకం వస్తుంది. ద్రౌపదీ ధర్మరాజుల గుడి ముందు 18 రోజులు పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. టిక్కెట్టు లేదు, చాప వేసుకున్నవారిదే చోటు.

అర్జున వేషం కట్టే ఒక పెద్దాయనకు నేను చిన్ననాటినుంచీ అభిమానిని. ఆయనకు అరవై దాటాయి. ఈసారి తపసుమాను ఎక్కగలరా అని అందరికీ బెంగ. పాశుపతం కోసం అర్జునుడు ఎక్కే ఆ మాను తాటిచెట్టంత. సంతానం కోరే స్త్రీలు తడిబట్టలతో దానిచుట్టూ సాగిలపడి ఉన్నారు.

మెట్టుకో పద్యం పాడుతూ ఎక్కారాయన. నడుమ గొంతు జీరబోతే కిందనుంచి మేళగాళ్ళు అందుకున్నారు. పైనుంచి నిమ్మకాయలు విసిరారు. స్త్రీలు కొంగులు పట్టారు.

చివరినాడు మట్టి దుర్యోధనుడి తొడ విరిగింది, భక్తులు అగ్నిగుండం తొక్కారు. నాకు మాత్రం ఆ ఏటి భారతం మాను మీదే ముగిసింది.